కండక్టరు కొలతలు

ఆమెకు అసలు పేరొకటి ఉంది కాని, అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. బట్టల ఆల్టరేషన్ షాపుకి వచ్చేవాళ్ళందరికీ ఆమె అంగుళమ్మ. ఏ గౌను కుట్టినా, ఏ ప్యాంటు బిగించినా లోపల అంగుళం గుడ్డ వదిలితే గాని ఆమెకి నిద్రపట్టదు. "మనిషన్నాక లావెక్కుతాడు, బెంగతో చిక్కుతాడు, మళ్ళీ తేరుకుంటాడు. లోపల గుడ్డంటూ ఉంటే ఎప్పుడైనా వదులు చెయ్యొచ్చు" అంటుంది. కాదని వాదించిన పెద్దమనిషి ఒకాయన, కొడుకు పెళ్ళినాటికి కోటు బొత్తాం పట్టక మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చాడు. ఆమె కోటు తిప్పి, లోపల దాచిన అంగుళం వదిలింది. నోట్లో గుండుసూదులు ఉన్నాయి కాబట్టి నవ్వను కూడా లేదు.

ఆదివారం షాపుకి సెలవు. ఆ మధ్యాహ్నం షట్టరు సగం దించి, కటింగ్ బల్ల మీద సుద్ద గీతలు తుడిచి, ఇస్త్రీపెట్టె పక్కకి పెట్టి నలుగురు ఆటకి కూర్చుంటారు. ఆటంటే పేకాట కాదు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు అందులో తలా ఒక పాత్ర. "నేను తలుపు తంతాను" అని ఎవరైనా అంటే పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే తలుపు విరుగుతుంది, చిన్నది పడితే కాలు విరుగుతుంది. అంతకన్నా గొప్ప రహస్యమేమీ అందులో లేదు.

కథ నడిపేది పక్క బడిలో పాటల టీచరు. బడిలో పిల్లలు ఆమె మాట వినరు గాని, ఇక్కడ భూతాలు కూడా వింటాయి. అంగుళమ్మ మొగుడు లిఫ్టు మెకానిక్కు, ఆటలో కత్తివీరుడు. రోజంతా ఎవరూ లేని లిఫ్టు గోతుల్లో పనిచేసి వస్తాడేమో, ఆదివారం మనిషి దొరికితే చాలు, వాదన పెట్టుకుంటాడు. ఎదురింటి మందుల షాపాయన మాంత్రికుడు. మందు డబ్బా మీద చీమల్లాంటి అక్షరాలన్నీ చదివే అలవాటున్న మనిషి. ఇక అంగుళమ్మ దొంగ. నిజజీవితంలో పక్కవాళ్ళ సూది కూడా ముట్టదు కాబట్టి, ఆ ముచ్చట ఇక్కడ తీర్చుకుంటుంది.

పాత్రల్ని తయారుచేయడానికి టీచరు దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. ఏ జాతి, ఏ వృత్తి, చేతిలో ఏ ఆయుధం అని అడుగుతుంది. చెప్పగానే బలం ఎంతో, ఒడుపు ఎంతో, ఏయే శక్తులున్నాయో లెక్కకట్టి ఒక షీటు అచ్చేస్తుంది. ఆ షీటు విషయంలో ఆ బల్ల దగ్గర ఒక కట్టుబాటు ఉంది. అందులో ఏది అచ్చయితే అదే చెల్లుతుంది. తప్పున్నా సరే, ఆ రోజు ఆట ముగిసేదాకా ఎవరూ దాన్ని మార్చకూడదు. ఈ కట్టుబాటు పెట్టింది లిఫ్టు మెకానిక్కు వాదనలు భరించలేకే.

అయిదో మనిషి కూడా ఒకరు ఉండేవారు గాని, ఆయన ఆడేవారు కారు. ఆయన అంగుళమ్మ మామగారు. ట్రయల్ రూము పక్కన స్టూలు మీద కూర్చుని చూసేవారు, అంతే.

మామగారు సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ రోజుల్లో ఆయన గొంతు బస్సు వెనక మెట్టు నుంచి డ్రైవరు చెవిదాకా సూటిగా వెళ్ళేది. మధ్యలో ఎంత జనమున్నా దారి ఇచ్చేవాళ్ళు. కిందటేడు గొంతుకి ఆపరేషన్ జరిగింది. గాయం మానింది గాని, గొంతు మారింది. మొదటిరోజు "మంచినీళ్ళు" అని అడిగి, చెక్క మీద గరుకుకాగితం రాసినట్టు వచ్చిన ఆ శబ్దాన్ని తనే విని, నోరు మూసుకున్నారు. అప్పట్నుంచి మాట లేదు. ఏదైనా వద్దంటే వేలి కణుపుతో ఒకసారి కొడతారు, సరేనంటే రెండుసార్లు. బస్సు ఆపడానికి ఒక గంట, పోనివ్వడానికి రెండు గంటలు కదా, అదే పద్ధతి ఇంట్లో నడిపించారు.

బస్సెక్కడం కూడా మానేశారు. ఆ దారిలో డ్రైవర్లందరికీ ఆయన తెలుసు. "బాబాయ్, ఎలా ఉన్నావ్?" అంటే జవాబు చెప్పాలి. అందుకని షాపు నుంచి ఇంటికి నడిచే వెళ్ళేవారు, ఆయన వెనక కొడుకూ కోడలూ కూడా నడిచేవాళ్ళు.

డాక్టరమ్మ మొన్న అంగుళమ్మని పక్కకి పిలిచి, "ఇప్పుడు మాట్లాడకపోతే గొంతు అలాగే బిగుసుకుపోతుందమ్మా. తర్వాత మాట్లాడాలన్నా రాదు. ఎలాగైనా నోరు తెరిపించండి" అంది. బతిమాలారు, కోప్పడ్డారు. కొడుకు అలిగి ఒక పూట అన్నం మానేశాడు కూడా. మామగారు ఒక్క దెబ్బ కొట్టేవారు బల్ల మీద. అంటే బండి ఆగింది, ఇక కదలదు.

ఒక ఆదివారం ఆటలో మాంత్రికుడు కదులుతున్న బండి ఎక్కబోయాడు. స్టూలు దగ్గర నుంచి టక్కుమని ఒక దెబ్బ. అందరూ అటు తిరిగారు. మామగారు గోడ మీద గడియారం చూస్తున్నట్టు మొహం పెట్టారు. అంగుళమ్మ మాత్రం చూసేసింది. ఈయన ఇన్నాళ్ళూ స్టూలు మీంచే ఆడుతున్నారు.

"మామయ్యగారూ, మీరూ ఒక పాత్ర తీసుకోండి. ఊరికే కూర్చుంటే మాత్రం ఏమొస్తుంది?" అంది.

టీచరు కంప్యూటర్ ఆయన వైపు తిప్పింది. కత్తివీరుడు, ఒక దెబ్బ. మాంత్రికుడు, ఒక దెబ్బ. విలుకాడు, వైద్యుడు, గూఢచారి, అన్నిటికీ ఒక్కొక్క దెబ్బ. జాబితా అయిపోయింది. ఆయన లేచి వచ్చి, సుద్దముక్క తీసుకుని, కటింగ్ బల్ల మీద పెద్ద అక్షరాలతో "కండక్టరు" అని రాశారు.

"అది ఇందులో లేదండీ. సొంతంగా కొత్త వృత్తి చేర్చుకోవచ్చు అంటారు. దానికి స్క్రిప్టు రాసి ఫలానా ఫోల్డర్లో పడేయాలి. నేనెప్పుడూ రాయలేదు, నాకు భయం" అంది టీచరు.

"నాకివ్వండి. చూస్తాను" అంది అంగుళమ్మ.

"నువ్వా? నీకేం తెలుసు స్క్రిప్టులు?" అన్నాడు మొగుడు.

"తెలీదు. మొదట కోటు బిగించిన రోజున కోట్లూ తెలీదు."

ఆమెకి తెలిసిన పద్ధతి ఒక్కటే. తెలియని బట్ట వస్తే లోపలివైపు తిప్పి కుట్లు చూడటం. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ, మొగుడి పాత లాప్‌టాప్‌లో మాంత్రికుడి ఫైలు తెరిచింది. అది కూడా లోపలివైపు తిప్పిన బట్టలాగే ఉంది. పైన పేరు, కింద ఒక్కో శక్తికీ ఒక్కో కట్ట. ప్రతి కట్టకీ తెరిచే వరస ఒకటి, మూసే వరస ఒకటి. మధ్యలో ఎన్నిసార్లు, ఎంత దూరం, ఎప్పుడు తప్పిపోతుంది అని అంకెలు. చదువుతూ పోతే అంత గడ్డు వ్యవహారమేమీ కాదనిపించింది. మాంత్రికుడి ఫైలుకి నకలు తీసి, ఒక్కో ముక్కే విప్పి కండక్టరుకి సరిపెట్టడం మొదలుపెట్టింది.

మొదటిసారి ఒక మూసే వరస మరిచిపోయింది. సాఫ్ట్‌వేర్ తెరిస్తే కండక్టరే కాదు, కత్తివీరుడు, మాంత్రికుడు, అందరూ మాయం, జాబితా ఖాళీ. లోకంలో వీరులందరినీ తనే చంపేసినట్టు భయపడి మందుల షాపాయన్ని కేకేసింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, వరస వరసా వేలుపెట్టి చదివి, తెరిచి వదిలేసిన కట్ట పట్టుకున్నాడు. మూయగానే అందరూ తిరిగొచ్చారు.

సాఫ్ట్‌వేర్ ఆయుధం లేనిదే ఒప్పుకోదు. అందుకని అంగుళమ్మ తన కండక్టరుకి టికెట్లకి చిల్లులు కొట్టే పంచ్ ఇచ్చింది, దెబ్బ తగిలితే చెవికి చిల్లు. కవచం బదులు తోలుసంచి. తర్వాత అసలు శక్తి. దానికి "స్టాపు వచ్చింది" అని పేరు పెట్టింది. కండక్టరు మాట చెబితే బండి మీదున్నా, పడవ మీదున్నా, ఎంతటివాడైనా వినాలి. జరగమంటే జరగాలి, దిగమంటే దిగాలి. దాని కింద తనకి కావలసిన వరస రాసింది. 'ఆడే మనిషి నోరు తెరిచి పైకి పలికితేనే ఈ శక్తి పనిచేస్తుంది.' ఆ వరస రాసి రెండుసార్లు చదువుకుంది. ఇంతమంది అడిగినా తెరవని నోటిని ఒక కాగితం తెరిపిస్తుందా అని అనుమానం.

ఇక అంకెలు. ఇక్కడే ఆమె అలవాటు ఆమెని ముంచింది. కొత్త బట్ట, కొలతలు సరిగ్గా తెలీవు. ముందు వదులుగా పెట్టి, తొడిగి చూసి, తర్వాత బిగిద్దాం అనుకుంది. అన్నిటికీ ధారాళంగా మార్జిన్ వదిలింది. బట్టలో అయితే ఆ ఎక్కువ గుడ్డ లోపలికి మడిచి ఉంటుంది, ఎవరికీ కనబడదు. ఫైల్లో మడత లేదు, రాసినదంతా పైకే వస్తుంది. ఆ సంగతి ఆమెకి తట్టలేదు.

ఆదివారం వచ్చింది. షీటు వేడివేడిగా ప్రింటర్లోంచి దిగింది. మామగారు దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చదివారు. పంచ్ దగ్గర మీసం కదిలింది. తోలుసంచి దగ్గర తల ఊపారు. కింది వరస దగ్గర ఆగి, కళ్ళజోడు పైనుంచి కోడలి వైపు చూసి, ఒక్క దెబ్బ కొట్టారు.

"సాఫ్ట్‌వేరే అలా ఇచ్చింది మామయ్యగారూ. నా చేతిలో ఏముంది?"

"నువ్వు రాస్తేనే కదా అది ఇచ్చేది" అన్నాడు మొగుడు. బల్ల కింద అతని కాలికి ఆమె కాలు గట్టిగానే తగిలింది.

మామగారు లేచి వెళ్ళిపోలేదు. స్టూలు బల్ల దగ్గరికి లాక్కున్నారు. అదే పదివేలనుకుంది అంగుళమ్మ.

టీచరు మొదలుపెట్టింది. "వరదొచ్చిన ఏరు. ఒడ్డున ఒకే పడవ. జనమంతా పరుగున వచ్చి ఒకే వైపు ఎక్కేశారు. పడవ ఒరుగుతోంది."

"నేను అంచు మీద నిలబడతాను. ఒక కాలు బయటపెట్టి, స్టైలుగా" అన్నాడు లిఫ్టు మెకానిక్కు.

టక్.

"కండక్టరుగారు అంచు మీద కొట్టారు. వరద హోరులో ఎవరికీ వినబడలేదు" అంది టీచరు, కళ్ళెత్తకుండా. "పడవ ఇంకాస్త ఒరిగింది."

టక్. టక్కున ఇంకోసారి.

"నీళ్ళు లోపలికొస్తున్నాయి. షీట్లో ఏముందో అదే చెల్లుతుందండీ కండక్టరుగారూ."

ఆపరేషన్ని భరించారు, నెలల తరబడి గంజిని భరించారు. జనమంతా ఒకే వైపు నిలబడటాన్ని మాత్రం ఆ మనిషి జన్మలో భరించలేదు. మెడ నరాలు ఉబ్బాయి, పెదాలు విడివడ్డాయి.

"లోపలికి జరగండి."

గరుగ్గా, మధ్యలో విరిగి, చివర గాలిలా వచ్చింది ఆ మాట. కాని వచ్చింది. లిఫ్టు మెకానిక్కు చేతిలో పాచిక చేతిలోనే ఉండిపోయింది. అతను తండ్రి గొంతు విని ఏడాది కావస్తోంది. వాదించడానికి ఏమీ దొరకక తల దించుకుని కళ్ళు తుడుచుకున్నాడు. అంగుళమ్మకి సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక సూదుల దిండు ఒళ్ళోకి లాక్కుంది. గుచ్చుకుందో లేదో ఆమెకే తెలీదు.

టీచరు ఒక్కతే మొహం మార్చలేదు. "జరిగారు. పడవ నిలబడింది" అంది.

మామగారు చుట్టూ చూశారు. నవ్వినవాళ్ళు లేరు, జాలిపడినవాళ్ళు లేరు. పడవ మాత్రం నిలబడింది. ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఆ కాలు లోపల పెట్టరా."

"పెట్టాను నాన్నా."

ఇక చూడాలి. ఏట్లోంచి ఒక జలభూతం పడవెక్కితే, "ఇది స్టాపు కాదు, దిగు" అన్నారు. దిగింది. అవతలి ఒడ్డున దొంగలు బండెక్కితే, "టికెట్టు లేనివాళ్ళు దిగండి" అన్నారు. వరసగా దిగారు. కోటగోడ మీద కూర్చున్న కొండరాక్షసుణ్ణి దింపారు, అటకమీది గబ్బిలాల్ని దింపారు, గుర్రం మీంచి సేనాధిపతిని దింపి వెనక సీటు చూపించారు. మాట మాటకీ గొంతు తడబడుతోంది, మంచినీళ్ళు తాగుతున్నారు, మళ్ళీ మొదలుపెడుతున్నారు. అంగుళమ్మ తను దొంగనన్న సంగతే మరిచిపోయి చూస్తూ కూర్చుంది.

మాంత్రికుడికి మాత్రం ఒళ్ళు మండింది. ఆట మొదలైనప్పట్నించీ ఒక్క మంత్రం వేసే అవకాశం రాలేదు. మందుల షాపాయన షీటు లాక్కుని, అడుగున చిన్న అక్షరాలు చదివాడు.

"రోజుకి తొంభై తొమ్మిదిసార్లా? దూరం కనుచూపు మేరా? తప్పిపోవడమన్నదే లేదా? అంగుళమ్మగారూ, మీరు కుట్టింది కండక్టర్నా, తుఫానునా?"

ఆమె నాలిక కరుచుకుంది. "ట్రయల్‌కని వదులుగా పెట్టానండీ. సరిచూసి బిగిద్దామని."

"వదులంటే ఇంతా? ఇందులో మనందరం దూరొచ్చు."

"ఆట అయ్యేదాకా షీటు మార్చకూడదు" అన్నాడు లిఫ్టు మెకానిక్కు. కట్టుబాటు అతనికి అనుకూలంగా పనిచేయడం అదే మొదటిసారి. మామగారు బల్ల మీద రెండు దెబ్బలు కొట్టారు, పోనివ్వమని. అందరూ నవ్వేశారు, షాపాయనతో సహా.

ఆట ముగిశాక షట్టరు దించుతుంటే మామగారు ఆమె పక్కన నిలబడ్డారు.

"అమ్మాయ్."

"చెప్పండి మామయ్యగారూ."

"బిగించు. ఆ అంకెలు." ఊపిరి తీసుకున్నారు. "అందర్నీ దింపేస్తే బండిలో ఎవరుంటారు?"

తర్వాత యథాప్రకారం నడిచి ఇంటికి వెళ్ళారు. దారిలో ఆయన మళ్ళీ నోరు విప్పలేదు. ఆ వారమంతా ఇంట్లో ఆ టక్కుటక్కులే. ఆట బల్ల దగ్గర తప్ప గొంతు బయటికి రాదన్నట్టుంది.

అంగుళమ్మ రోజూ ఫైలు తెరిచేది, అంకె చూసేది, మూసేసేది. ఒకటి అని రాస్తే ఆయన ఒక్కసారే మాట్లాడతారు. తర్వాత మళ్ళీ స్టూలు, మళ్ళీ మౌనం. "వదిలెయ్. ఏదో వంకన నోరు విప్పాడు. షాపాయన్ని నేను ఒప్పిస్తాలే" అన్నాడు మొగుడు. మాట బాగానే ఉంది. కాని తొడుక్కునే మనిషి వచ్చి బిగించమంటే బిగించాలి. అప్పుడు కుట్టేవాళ్ళ బెంగతో పనిలేదు. ఇన్నేళ్ళ షాపులో ఆ మాట ఆమె ఎప్పుడూ తప్పలేదు. శనివారం తొంభై తొమ్మిది చెరిపి ఒకటి వేసింది. దూరం ఒక బండి పొడవు చేసింది. తప్పిపోయే అవకాశం కూడా పెట్టింది.

పెట్టాక మనసూరుకోలేదు. ఈపాటికి ఆమెకి ఒక సంగతి తెలిసింది. ఫలానా గుర్తుతో మొదలయ్యే వరసని సాఫ్ట్‌వేర్ చదవకుండా దాటిపోతుంది. అది రాసేవాళ్ళు తమకోసం రాసుకునే వరస. ఆ గుర్తు పెట్టి, పాత అంకెలన్నీ దాని వెనక వరసగా దాచింది. కావాలంటే ఎప్పుడైనా వదులు చెయ్యొచ్చు. అప్పుడు గాని ఆమెకి కంటిమీద కునుకు పడలేదు.

మరుసటి ఆదివారం ఆట మొదలైన కాసేపటికే, మళ్ళీ స్టైలుగా నిలబడిన కొడుకు కాలి మీద ఆయన ఆ ఒక్క శక్తీ ఖర్చుపెట్టేశారు. "కాలు లోపల పెట్టరా" అన్నారు. పెట్టాడు. అయిపోయింది. రాక్షసుడు ఇంకా రానేలేదు. అంగుళమ్మ ప్రింటరు వైపు చూసింది. ఫైల్లో దాచిన అంకెలు గుర్తొచ్చాయి, కాని షీటు అచ్చయిపోయింది.

మాంత్రికుడు హాయిగా మంటలు కురిపించాడు. దొంగ ఒక తాళం తీసింది. మామగారు ఊరుకుని చూస్తున్నారు. సంతకి పోయే బండి వచ్చింది. కిక్కిరిసి ఉంది, ఒక ముసలమ్మ కమ్మీ పట్టుకుని వేలాడుతోంది అని చెప్పింది టీచరు.

"ఆ ముసలమ్మకి చోటివ్వండి."

"మీ శక్తి అయిపోయిందండీ కండక్టరుగారూ" అంది టీచరు నెమ్మదిగా.

"దానికి శక్తెందుకమ్మా? మర్యాద చాలు."

ముసలమ్మకి చోటు దొరికింది. ఆ తర్వాత ఆయన్ని ఆపినవాళ్ళు లేరు. బండివాణ్ణి మలుపులో నెమ్మదిగా పొమ్మన్నారు, మాంత్రికుణ్ణి గడ్డం లోపలికి పెట్టుకోమన్నారు, సేనాధిపతితో చిల్లర విషయమై గొడవపడ్డారు. ఒక్కటీ షీట్లో లేదు, ఒక్కదానికీ అంకె లేదు. చివర్న రాక్షసుడొచ్చి బండి మీద కూర్చుంటే, శక్తి లేకుండానే "దిగు" అన్నారు. పాచిక వేశారు. చిన్న అంకె పడింది. రాక్షసుడు దిగలేదు సరికదా, కాళ్ళు చాపుకున్నాడు. మామగారికి నవ్వొచ్చింది. నవ్వు దగ్గులోకి దిగి, దగ్గు మళ్ళీ నవ్వులోకి ఎక్కి, కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వారు. ఆ నవ్వుకి కూడా గొంతు వచ్చింది. అంగుళమ్మ జీవితంలో కుట్టిన ఏ బట్టా ఆమెకంత ఆనందం ఇవ్వలేదు.

షట్టరు వేసి ముగ్గురూ నడక మొదలుపెట్టారు. బస్‌స్టాపు దగ్గర మామగారు ఆగిపోయారు. కొడుకూ కోడలూ కూడా ఆగారు. బస్సొచ్చింది.

"బాబాయ్, ఎన్నాళ్ళైంది, ఎలా ఉన్నావ్?" అన్నాడు డ్రైవరు కిటికీలోంచి.

"బాగున్నాను. నువ్వింకా మలుపులో కుదుపుతూనే ఉన్నావా?"

డ్రైవరు నవ్వాడు. మామగారు కొడుకుని ముందెక్కించారు, లాప్‌టాప్ సంచితో కోడల్ని ఎక్కించారు, మెట్టు దగ్గర గుమిగూడినవాళ్ళని లోపలికి జరగమన్నారు. జరిగారు. ఆ బస్సు కండక్టరు చిన్నపిల్ల. ఈల నోటిదాకా తెచ్చుకుని, ఈ పెద్దాయన ఎవరా అని చూస్తూ ఉండిపోయింది. మామగారు వెనక మెట్టు మీద నిలబడి, కిందికొకసారి, రోడ్డు మీదికొకసారి చూసి, గొంతెత్తి అన్నారు.

"రైట్ రైట్."

డ్రైవరు అద్దంలోకి కూడా చూడకుండా బండి కదిలించాడు.